డిసెంబరు 10నే ఎందుకు? హక్కుల సినిమా పండగ పెట్టేవాళ్లకు నాలుగు మాటలు

చలి మొదలవగానే ఒంగోల్లోనో నెల్లూర్లోనో ఎవరో ఒకరు "ఈసారి మనమూ మానవ హక్కుల సినిమా పండగ పెడదాం" అంటారు. మంచి మాటే. ఆ తర్వాత వచ్చే ప్లాను చూస్తేనే ఒళ్లు మండుద్ది. డిసెంబరు 10న ఏసీ హాలు, రెండు రోజుల్లో 18 సినిమాలు, సగానికి పైగా ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో, వేదిక మీద పన్నెండు మంది, పన్నెండు శాలువాలు. ఎవరి బతుకు గురించి సినిమా వేస్తున్నారో వాళ్లలో ఒక్కరూ హాల్లో ఉండరు. ఉన్నా, కుర్చీలు సర్దే పనిలో ఉంటారు.

ముందు తేదీ సంగతి. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన చేసింది కాబట్టి ఆ రోజే పెట్టాలంటారు. ప్యారిస్‌లో చేసిన ప్రకటనకు మన నాట్ల సంగతేం తెలుసు? డిసెంబరంటే నెల్లూరు డెల్టాలో రబీ వరి నాట్లు, ప్రకాశంలో పొగాకు తోటల పని. కూలి దొరికే నాలుగు రోజుల్ని వదులుకుని సినిమాకి రమ్మంటే ఎవరొస్తారు? పైగా తుఫాన్ల కాలం. 2023లో మిచాంగ్ తీరం దాటింది డిసెంబరు 5న, బాపట్ల దగ్గరే. కోతలయ్యాక ఏప్రిల్ రాత్రుళ్లు పెట్టుకోండి, ఆరుబయట హాయిగా ఉంటుంది. తేదీకి బరువు కావాలంటే జూలై 17 ఉంది. 1985లో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపిన రోజది.

ఇంకో మాట. సారా మీద ఆడవాళ్లు తిరగబడిన దూబగుంట నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1994 జూలై 7న మాదిగ దండోరా మొదలైన ఈదుముడి ప్రకాశం జిల్లాలోనే ఉంది. ఇలాంటి చోట జాబితా నిండా దూరదేశాల యుద్ధాలే ఉంటే దాన్ని పండగ అనరు, తప్పించుకోవడం అంటారు. విదేశీ సినిమాలు వద్దనడం లేదు. పక్కన చీమకుర్తి క్వారీ దుమ్మో, కనిగిరి ఫ్లోరైడ్ నీళ్లో ఉంటే ఆ దూరదేశపు సినిమా కూడా బాగా అర్థమవుతుంది.

ఇక చట్టం. దీన్ని ఎవరూ చదవరు, ఆనక లబలబలాడతారు. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం జనానికి చూపించే ఏ సినిమాకైనా సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి, అరగంట డాక్యుమెంటరీ అయినా సరే. సినిమా దర్శకుడు కె.ఎ.అబ్బాస్ సుప్రీంకోర్టు దాకా కొట్లాడింది ఒక చిన్న డాక్యుమెంటరీ గురించే. ముందస్తు సెన్సారు రాజ్యాంగానికి విరుద్ధం కాదని 1970లో కోర్టు తేల్చేసింది. ఫిలిం ఫెస్టివల్స్‌కి ఒక దారి ఉంది. ఆ చట్టం 9వ సెక్షన్ కింద కేంద్ర సమాచార ప్రసార శాఖ మినహాయింపు ఇస్తుంది. సినిమాల జాబితా, ఒక్కోదాని కథాసారం, వాటిని చూసి సిఫారసు చేసిన ప్రివ్యూ కమిటీ వివరాలు, లాభాపేక్ష లేదన్న మాట, ఇవన్నీ ముందుగా పంపాలి. మినహాయింపుతో వేసే సినిమా, పేరు నమోదు చేసుకున్న డెలిగేట్లకే చూపాలి. మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఓ పక్క మినహాయింపు తెచ్చుకుంటారు, ఇంకో పక్క "అందరూ ఆహ్వానితులే" అని ఫ్లెక్సీ కడతారు. గిట్టనివాడు ఆ ఫ్లెక్సీ ఫొటో పట్టుకుని స్టేషన్‌కి వెళ్తే చాలు, షో ఆగుద్ది. 2017లో కేరళ డాక్యుమెంటరీ ఉత్సవంలోనే మూడు సినిమాలకు మినహాయింపు రాలేదు. ఒకటి రోహిత్ వేముల గురించి, ఒకటి కశ్మీర్, ఒకటి జేఎన్‌యూ. ప్రభుత్వ అకాడమీ నడిపే పండగకే దిక్కు లేకపోతే మనమెంత?

కాబట్టి రెండు దారులు పెట్టుకోవాలి. సర్టిఫికెట్ లేనివి హాల్లో, గేటు దగ్గర పేర్లు రాయించుకుని, మెడలో కార్డు వేసి. ఊళ్లో ఆరుబయట వేసేవి సర్టిఫికెట్ ఉన్నవే, దాని నకలు ఫైల్లో పెట్టుకుని. యూట్యూబ్‌లో ఉంది కదా అని వేసేయకండి. తీసినవాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, ఎంతోకొంత డబ్బు ఇవ్వండి. శాలువాలకు ఉన్న డబ్బు సినిమా తీసినోళ్లకు లేదంటే ఎట్టా?

ఆరుబయట అయితే లెక్క సులువు. ఏప్రిల్లో ఏడింటికి గానీ తెర మీద బొమ్మ తేలదు, రాత్రి పదింటికి మైకు ఆపాలి. చేతిలో ఉన్నది మూడు గంటలు. అందులో అరగంటవి రెండు సినిమాలు వెయ్యండి, ఒక్కోదాని తర్వాత ముప్పావుగంట మాట్లాడించండి, మిగిలిన అరగంట ఆలస్యాలకు పోద్ది. అంతకు మించి ఇరికిస్తే మాటలు పోతాయి, సినిమా ఒక్కటే మిగుల్తుంది.

సామాన్ల దగ్గర ఎక్కువ షోలు చెడిపోతాయి. పన్నెండడుగుల తెరకు కనీసం 4 వేల ల్యూమెన్ల వెలుగిచ్చే ప్రొజెక్టర్ కావాలి, ఆఫీసు మీటింగుల్లో వాడే చిన్నది పనికిరాదు. థ్రో (తెర వెడల్పుకి ఎన్ని రెట్ల దూరంలో ప్రొజెక్టర్ పెట్టాలన్న లెక్క) 1.5 అయితే పన్నెండడుగుల వెడల్పుకి ప్రొజెక్టర్ పద్దెనిమిది అడుగుల వెనక ఉండాలి, ఆ చోటు ముందే ముగ్గేసి ఖాళీగా ఉంచండి. అన్నిటికన్నా ఎక్కువ మంది మర్చిపోయేది తెర ఎత్తు. మన ఫంక్షన్ హాళ్లలో నేల సమం. తెర కింది అంచు నేల నుంచి ఐదడుగులు లేకపోతే ముందు వరస తలలు సబ్‌టైటిళ్లను మింగేస్తాయి. నాలుగో వరస నుంచి ఏం రాసుందో కనపడదు, పది నిమిషాల్లో జనం లేస్తారు, నిర్వాహకులేమో "మనోళ్లకి ఆసక్తి లేదు" అని తీర్పు చెప్తారు. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. తెలుగు సబ్‌టైటిల్ విడి ఫైలుగా ఇస్తే చాలా ప్లేయర్లలో ఒత్తులు విడిపోయి చదవరాకుండా వస్తాయి, బొమ్మ మీదే ముద్రించిన కాపీ చేయించుకోండి. ప్రొజెక్టర్‌కి యూపీఎస్ తప్పనిసరి. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు వేడి మీదున్న దీపం ఫ్యాను లేకుండా ఉంటే దెబ్బతింటుంది. పెళ్లిళ్ల సౌండు బాక్సుల్లో బేస్ తగ్గించమనండి, లేకపోతే తెర మీద మనిషి ఏడుపు కూడా డీజేలా వినపడుద్ది.

చదవడం రానివాళ్లు ముందు కూర్చుంటారని గుర్తుంచుకోండి. వాళ్లకోసం మైకు దగ్గర ఒక మనిషి ఉండి, తెర మీద మాట అవగానే తెలుగులో చెప్పాలి. ఆ మనిషి సినిమాని ముందే మూడుసార్లు చూసి, రాసుకుని, మన యాసలో చెప్పేవాళ్లయి ఉండాలి. యాంకరమ్మ తెలుగు వద్దు. మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పేవాళ్లు ఉండేవాళ్లు, కొత్తదేం కాదు.

అన్నిటికన్నా జాగ్రత్త కావలసింది సినిమా అయ్యాక. రొయ్యల చెరువుల కాపలా గురించి సినిమా వేసి, ఆ కాపలా పని చేసే యానాది కుటుంబాల్ని ముందు కూర్చోబెట్టి, "అమ్మా, మీ కష్టం చెప్పండి" అని మైకు చేతికిచ్చేస్తారు. ఆ అమ్మ ఏం చెప్పిందో ఎవడో ఫోన్లో తీసి వాట్సాప్‌లో పెడతాడు. తెల్లారేసరికి చెరువు ఓనర్ గుడిసె దగ్గర ఉంటాడు. రాత్రికి కెమెరాలు పోతాయి, కుటుంబం మిగుల్తుంది. కాబట్టి చర్చ రికార్డింగ్ వద్దు, ఫొటోలు వద్దు, చెప్పాలనుకున్నవాళ్లకి పక్కన విడిగా ఒక బల్ల, దగ్గర ఒక లాయరు. ఓనర్ అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా పనివాళ్లని కదలనివ్వకపోతే అది 1976 వెట్టి నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. ఫిర్యాదు వెళ్లాల్సింది కలెక్టరు, ఆర్డీవో దగ్గరికి, అడగాల్సింది విడుదల పత్రం, అంటే వెట్టి నుంచి విడిపించినట్టు ఇచ్చే కాగితం. ఆ బల్ల మీద పెద్ద అక్షరాల్లో రెండు నంబర్లు రాసి పెట్టండి: ఉచిత న్యాయ సహాయానికి 15100, ఎస్సీ, ఎస్టీల మీద దౌర్జన్యాల ఫిర్యాదుకి 14566. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి వెళ్లాలంటే ఘటన జరిగిన ఏడాదిలోపే వెళ్లాలని కూడా చెప్పండి. లైంగిక దాడి బాధితుల పేరు, ఊరు, మొహం బయటపెట్టడం నేరమని మైకు పట్టుకునే ప్రతివాళ్లకీ ముందే చెప్పి ఉంచండి.

డబ్బు ఎక్కడిది అంటారా? గోరఖ్‌పూర్‌లో 2006 నుంచి స్పాన్సర్ లేకుండా, చూసేవాళ్ల చందాలతో సినిమా పండగలు నడుపుతున్నారు. మన దగ్గర గ్రానైట్ కంపెనీ బ్యానరు కింద క్వారీ కూలీల సినిమా వెయ్యడం కన్నా గేటు దగ్గర డబ్బా పెట్టుకోవడం నయం.

పండగని శని, ఆదివారాల్లోనే పెట్టండి. ఇది ఊరికే చెప్పడం లేదు. సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు. బల్ల దగ్గర రాసిన అర్జీలు అప్పటికి మూడేసి నకళ్లతో సిద్ధంగా ఉండాలి, ఇచ్చాక రసీదు నంబరు తీసుకోవాలి. ముగింపు సభ ఎత్తేసి, ఆ ఖర్చు వాళ్లని కలెక్టరేట్‌కి తీసుకెళ్లే ఆటోలకు పెట్టండి.