వీసా సరే, బ్రూనో సంగతేంటి?

చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి, వీసా వచ్చాక మళ్లీ వెళ్లి 108 పూర్తి చేసేవాళ్లకి మన సిటీలో కొదవ లేదు. స్లాట్ ఎప్పుడు ఓపెన్ అవుతుందో, ఫారెక్స్ కార్డు ఎక్కడ బెటరో, ఆవకాయ ఎన్ని కవర్లు చుడితే కారకుండా ఉంటుందో అన్నీ నెలల ముందు నుంచే లెక్కలు. ఇంట్లో ఉన్న కుక్క గురించి మాత్రం టికెట్లు బుక్ అయ్యాక ఓ రాత్రి భోజనాల దగ్గర "అవునూ, మరి బ్రూనోని ఏం చేద్దాం?" అంటారు. ఆ మాట అప్పుడొచ్చిందంటే లేట్ అయిపోయినట్టే, వినడానికి కటువుగా ఉన్నా మా అభిప్రాయం ఇదే.

టీకాల పుస్తకం ఒకసారి తీసి చూడండి. ఏటా రేబిస్ టీకా వేయించిన స్టిక్కర్లు, పక్కన డాక్టర్ సంతకం, ఓ మూల టీ మరక, అన్నీ ఉంటాయి, 15 అంకెల మైక్రోచిప్ నంబరే ఉండదు. కుక్కని గుర్తుపట్టడానికి పెట్టే బియ్యపు గింజంత చిప్ అది, మెడ వెనక చర్మం కింద సూదితో పెట్టేస్తారు, నిమిషం పని. కానీ యూరప్‌కైనా బ్రిటన్‌కైనా ముందు చిప్, ఆ తర్వాతే టీకా, వరస తప్పితే అయిదేళ్లుగా వేయించినవన్నీ వాళ్ల లెక్కలో లేనట్టే, మళ్లీ మొదటికి. టీకా వేసి కనీసం 30 రోజులయ్యాక రక్తం తీసి వాళ్లు గుర్తించిన ల్యాబ్‌కి పంపాలి, రేబిస్‌ని ఎదుర్కొనే యాంటీబాడీలు మిల్లీలీటరుకి 0.5 ఇంటర్నేషనల్ యూనిట్లకి తగ్గకూడదు, రక్తం తీసిన రోజు నుంచి ఇంకో 3 నెలలు ఆగాలి. అంటే అన్నీ సాఫీగా జరిగినా 4 నెలలు. ఏజెంటుకి ఎంత ఇచ్చినా ఆ 3 నెలలు 2 నెలలు కావు.

అమెరికా ఇంతకుముందు కాస్త ఈజీగా ఉండేది, 2024 ఆగస్టు 1 నుంచి అక్కడా రూల్స్ మారాయి. మన దేశం వాళ్ల రేబిస్ హై రిస్క్ లిస్టులో ఉంది కాబట్టి కుక్కకి 6 నెలల వయసు నిండాలి, చిప్ ఉండాలి, ఇక్కడ వేసిన టీకా అయితే సర్టిఫికెట్ వాళ్ల ఫార్మాట్‌లో ఉండాలి, దిగేది కూడా వాళ్లు చెప్పిన ఎయిర్‌పోర్టుల్లోనే. టైటర్ రిపోర్టు, అంటే పైన చెప్పిన యాంటీబాడీల రక్తపరీక్ష రిపోర్టు, లేకపోతే 28 రోజులు క్వారంటైన్, ఖర్చు మనదే. పిల్లులకి ఈ రూల్ లేదు, పిల్లి ఉన్నవాళ్లు హాయిగా నవ్వుకోవచ్చు. ఆస్ట్రేలియా అయితే ఇక్కడి నుంచి నేరుగా రానివ్వదు, వాళ్లు ఒప్పుకున్న ఇంకో దేశంలో ఉంచి తీసుకెళ్లాలి, అదో పెద్ద కథ.

ఇక ఒళ్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తాం అనుకునేవాళ్లకి ఒక మాట, బ్రిటన్‌కి విమానంలో పెంపుడు జంతువు కార్గోగానే వెళ్లాలి. పగ్, బుల్‌డాగ్, షీట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతుల్ని చాలా ఎయిర్‌లైన్స్ ఎక్కించుకోవడానికే జంకుతాయి, ఊపిరి సమస్య, పైగా మన మే నెల ఎండ. మత్తుమందు ఇచ్చి పంపేద్దాం అనే సలహా ఎవరిచ్చినా వినొద్దు, గాల్లో ఉండగా బీపీ, ఊపిరి దెబ్బతింటే చూసే దిక్కుండదు.

మా డెస్క్‌లో ఒకాయన కూతురు జర్మనీ వెళ్తూ తన ఇండీ, అంటే మన దేశవాళీ కుక్కని తీసుకెళ్లింది. సీతాఫల్‌మండి ఇంట్లో హాలు మధ్యలో క్రేట్, అంటే ప్రయాణంలో కుక్కని ఉంచే పెట్టె, పెడితే అది పది రోజులు దాని వంక చూడలేదు, చుట్టూ తిరిగి వంటింట్లోకి పోయేది. నాన్నమ్మ పెరుగన్నం గిన్నె మొదట క్రేట్ గుమ్మంలో పెట్టి, రోజూ జానెడు చొప్పున లోపలికి జరుపుకుంటూ పోయింది, ఆఖరికి ఓ మధ్యాహ్నం అది తిని అక్కడే పడుకుని గురక పెట్టింది. క్రేట్ ట్రైనింగ్ అని వేలు తీసుకునేవాళ్లు చేసేదీ ఇంచుమించు ఇదే.

అందరూ తీసుకెళ్లాలని మేం అనడం లేదు. పన్నెండేళ్ల ముసలి కుక్కని అంత దూరం కార్గోలో పంపడం కంటే ఇక్కడే తెలిసిన చేతుల్లో ఉంచడం మంచిది కావచ్చు. కానీ "అమ్మానాన్న చూసుకుంటార్లే" అనే ముందు ఆ అమ్మానాన్నల్ని అడిగారా? మోకాళ్ల నొప్పులున్న మనిషి ముప్పై కిలోల లాబ్రడార్‌ని పట్టుకుని పొద్దున్నే మూడో అంతస్తు నుంచి దిగాలి. అడక్కుండా గేటు బయట వదిలేసి పోయేవాళ్లూ ఉన్నారు, కాలర్ ఇంకా మెడలోనే ఉంటుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం అలా దిక్కు లేకుండా వదిలేయడం నేరమే, మొదటిసారి దొరికితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్ల ఖర్చు. దీన్ని ఇంకా ఎందుకు మార్చరో మాకు అర్థం కాదు.

మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. కుక్కపిల్లకి మొదటి రేబిస్ టీకా వేసే డాక్టర్ ఆ రోజే చిప్ గురించి చెప్పాలి, లైసెన్సు ఇచ్చే మున్సిపల్ వాళ్లు కూడా. ప్రయాణం దగ్గరపడ్డాక ఇక్కడి జంతువుల క్వారంటైన్ ఆఫీసు అనుమతి పత్రం కోసం తిరగడం ఎలాగూ తప్పదు, కనీసం చిప్ దగ్గరే ఆగిపోకుండా ఉంటారు. జనవరిలో లండన్‌లో దిగాల్సినవాళ్లయితే చిప్, టీకా ఆగస్టులోనే అయిపోవాలి, సెప్టెంబర్ అంటే ఒక్క రిపోర్టు తేడా వచ్చినా టికెట్ మార్చుకోవడమే.