సవరణ: షెడ్డులో గ్యాస్ హీటర్ వద్దు

కోనసీమలో ఇంటి షెడ్డులో వడ్రంగం చేసుకునేవాళ్లకి ధనుర్మాసం చలికి పొగగొట్టం లేని గ్యాస్ హీటర్ చాలని ఇంతకుముందు రాశాం. అది తప్పు. కిలో గ్యాస్ మండితే సుమారు కిలోన్నర నీరు ఆవిరిగా గదిలోకే వస్తుంది. అసలే కాలవగట్టు తేమ. తెల్లారేసరికి చిత్రిక బ్లేడు మీద చెమ్మ పట్టి ఎర్రటి తుప్పు చుక్కలు లేస్తాయి. తలుపులు మూస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ప్రమాదం వేరే.

నూనె నింపిన రేడియేటర్ రకం కరెంటు హీటర్ నయం, మన చలి నెల రోజుల ముచ్చటే అయినా. కరెంటు హీటర్‌కి 6 ఆంపియర్ల సాకెట్ చాలని అప్పుడు రాసిందీ పొరపాటే. 2000 వాట్ల హీటరంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఎర్తు ఉండాలి. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలిస్తే ప్లగ్గు దగ్గర ప్లాస్టిక్ కరుగుతుంది. రంపంపొట్టు, థిన్నర్ డబ్బా హీటర్ దరిదాపుల్లో ఉంచకండి.