ఇద్దరు సుబ్బారావులు

ఆసుపత్రుల్లో పొరపాట్లన్నిటికీ నర్సుల నిర్లక్ష్యమే కారణమన్న ఓ వ్యాస రచయిత మాట నాకు మింగుడుపడలేదు. పోయినేడాది మా నాన్నగారు ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నారు. అదే వార్డులో ఇంకో సుబ్బారావు గారు. (మా గుంటూరు వైపు సుబ్బారావులకు కొదవా!) రాత్రి పదకొండింటికి నర్సు ట్రే పట్టుకొచ్చి "సుబ్బారావు గారేనా?" అంది. నిద్రమత్తులో నాన్న "ఆఁ" అన్నారు. చేతికున్న పేరు పట్టీ ఎవరూ చూడలేదు. "షుగర్ లేని మనిషికి ఇన్సులిన్ ఎందుకమ్మా?" అని అమ్మ అడక్కపోతే ఏమయ్యేదో! ఆ పిల్ల చేతులు వణికిపోయాయి. వరసగా రెండో డ్యూటీ అట, ముప్పై మందికి తనొక్కతే.

ఆమెను తీసేస్తే సరిపోతుందా? పేరు మనమే చెప్పి అవునా అంటే ఎవరైనా అవుననే అంటారు. పేషెంటు చేతే పేరు, వయసు చెప్పించి పట్టీతో సరిచూడాలి. ఆపరేషన్లకైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే 19 అంశాల చెక్‌లిస్ట్ ఇచ్చింది. కోత పెట్టేముందు అందరూ ఆగి, పేషెంటెవరు, ఏ ఆపరేషన్, ఎక్కడ అని పైకి చెప్పుకోవాలి. వార్డులో ఇంజెక్షన్‌కి ఆ అర నిమిషం దొరకదా?

ఇక డాక్టర్ల చేతిరాత. స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయమని 2016లోనే అప్పటి భారత వైద్య మండలి చెప్పింది. నాన్న మందుల చీటీ అర్థం కాక మెడికల్ షాపతను ఇంకో షాపుకి ఫోన్ చేశాడు.