ట్రైలర్ దగ్గరికొచ్చేసరికి గీతలే!

టైర్లకి ప్రెషర్ సెన్సార్లు పెట్టేది టెన్షన్ తగ్గడానికా, పెరగడానికా? ట్రక్కు టైర్లలో గాలి ఎంతుందో చక్కగానే చూపిస్తుంది, వెనక ట్రైలర్‌కి వచ్చేసరికి స్క్రీన్ మీద అంకెల బదులు గీతలే. అంత పొడవు దాటి సిగ్నల్ రావాలంటే దాన్ని అందుకుని ముందుకు పంపే రిపీటర్ కావాలట, అదీ విడిగా కొనాలి! ట్రైలర్ మార్చామా, సెన్సార్లన్నీ మళ్లీ మొదటినుంచి జత చేయాలి. జంట చక్రాల్లో లోపలి టైరు వాల్వ్ దగ్గరికి చెయ్యే దూరదు, సెన్సార్ బ్యాటరీ అయిపోయేది సరిగ్గా అక్కడే. రిమ్ లోపల బిగించే రకమైతే బ్యాటరీ ఒక్కటే మార్చడం సాధారణంగా కుదరదు. టైరు విప్పించి సెన్సారే కొత్తది వేయించాలి. చల్లగా ఉన్నప్పుడు 100 పీఎస్ఐ కొట్టించిన టైరు, లోడుతో పరిగెత్తి వేడెక్కితే 110 దాటడం మామూలే. దానికీ కీచుకీచుమని అలారం! నిజంగా గాలి దిగిపోతున్న టైరు గురించి మాత్రం, పాపం, మళ్లీ గీతలే.