వాన నీటికి మా అపార్ట్‌మెంట్లో ప్రవేశం లేదు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు. ఆ మాటను చెట్ల దగ్గర ఆపకుండా నీళ్ళ దాకా తీసుకెళ్ళి, పద్ధతిగా అమలు చేస్తున్న ఘనత మా విశాఖపట్నం వాళ్ళది. మా డాబా మీద పడ్డ వాన చుక్కను మేం నమ్మం. ఏ మబ్బు తాలూకో, ఎవరి పిల్లో! అదే ఏలేరు రిజర్వాయరు నీళ్ళయితే 150 కిలోమీటర్ల పైచిలుకు కాలువలో నడిచి, ఎండకు ఎండి, మోటార్లెక్కి, పైపుల్లో నలిగి వస్తాయి. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళకి ఏదో ఒక మర్యాద చెయ్యాలి కదా. అందుకని వాటితో కార్లు కడుగుతాం.

మా మూడో అంతస్తులో లెక్కల పిచ్చి ఉన్న కుర్రాడొకడున్నాడు. మొన్న అసోసియేషన్ మీటింగులో లేచి నిలబడ్డాడు. "చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్ళండి. మన ఊళ్ళో ఏడాదికి దాదాపు 1,000 మిల్లీమీటర్లు కురుస్తుంది. మన డాబా 400 చదరపు మీటర్లు. అంటే 4 లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు 80. కొంత ఆవిరైపోయినా అరవైకి తగ్గదు."

ప్రెసిడెంటు గారు కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నారు. విని, "బాబూ, ఈ నెల మెయింటెనెన్స్ కట్టావా?" అన్నారు. చర్చ అక్కడితో ముగిసింది.

అలాగని మాకు ఇంకుడు గుంత లేదనుకుంటే పొరపాటు. ప్లాన్ మంజూరు కావాలంటే ఉండాలి, కాబట్టి ఉంది. కంకర పోసి, ఇసుక పోసి, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి మరీ కట్టారు. ఆ తర్వాత దోమలొస్తాయని మూత పెట్టారు. మూత బాగాలేదని పైన టైల్స్ పరిచారు. టైల్స్ ఖాళీగా ఉండటమెందుకని సెక్రటరీ గారు స్కూటీ పెట్టారు. చవితి పందిరి కూడా దాని మీదే. నీళ్ళు తప్ప అన్నిటికీ చోటిచ్చిన ఆ గుంత మీద మాకు చాలా గౌరవం. డాబా నుంచి దిగే గొట్టాన్ని మాత్రం నేరుగా రోడ్డు మీదకి తిప్పాం. రోడ్డు నుంచి గెడ్డలోకి, గెడ్డ నుంచి సముద్రంలోకి. ఎవరి సొమ్ము వాళ్ళకి చేర్చేశాం.

గెడ్డ అంటే బయటి ఊళ్ళ వాళ్ళకి తెలియకపోవచ్చు. కొండ మీంచి దిగి వచ్చే వాగును ఉత్తరాంధ్రలో గెడ్డ అంటాం. ఊరి చుట్టూ కొండలే కనక ఊరంతా గెడ్డలే. మేఘాద్రిగెడ్డకి కట్ట కట్టి ఆ నీళ్ళు తాగుతాం. మిగతా గెడ్డల్లోకి మురుగు వదులుతాం. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అన్నదమ్ములందరి రాతా ఒకటవుతుందా? మా వీధి వెనక గెడ్డలో ఒకప్పుడు చేపలు పట్టేవారట. ఇప్పుడు అందులో పాత పరుపు ఒకటి రెండేళ్ళుగా ప్రయాణం చేస్తోంది. సాయంత్రం బీచికెళ్ళి, ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, "గవర్నమెంటు ఏం చేస్తోందండీ?" అని మేమే అడుగుతాం.

సముద్రం కూడా మరీ కృతజ్ఞత లేనిది కాదు. మనం పంపినదానికి బదులు బోర్లలోకి అదే వస్తోంది. తీరం దగ్గర నేల కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంది, పాల మీద మీగడలాగ. సముద్రమట్టానికి 1 అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, దాని కింద సుమారు 40 అడుగుల మందాన మంచినీరే ఉంటుంది. ఆ పైనున్న ఒక్క అడుగునీ తోడేస్తే కింది నుంచి ఉప్పునీరు నలభై అడుగులూ ఎగదన్నుకొస్తుంది. ఈ సంగతి బోరు వేసేవాడికి చెబితే జాలిగా చూశాడు. "ఇంకో వంద అడుగులు దింపేద్దాం సార్" అన్నాడు. 2002లో నీళ్ళనీ నేలనీ చెట్లనీ కాపాడటానికి వాల్టా చట్టం వచ్చింది కదా, అనుమతి అక్కర్లేదా అంటే, అందుకేగా రాత్రి పదకొండింటికి మొదలెట్టేది అన్నాడు. చట్టమంటే ఆ మాత్రం భయం ఉండాలి.

నీళ్ళ నాణ్యత విషయంలో మాత్రం మేం రాజీపడం. నీళ్ళలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు ప్రతి ఇంట్లో ఉంది. తాగే నీళ్ళలో లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. మేం 30కి తగ్గిస్తేగానీ ముట్టుకోం. ఒక గ్లాసు నీళ్ళిచ్చి రెండు మూడు గ్లాసులు సింకులోకి పారబోసే ఆర్వో యంత్రం ఇంటింటికీ ఉంది. ఆ మీటరు ఉప్పుల్నే గానీ క్రిముల్ని కొలవదు. మా ఓవర్‌హెడ్ ట్యాంకుని చివరిసారి కడిగింది హుద్‌హుద్ తుపాను తర్వాత, అంటే 2014లో. అందులో ఏమున్నాయో మీటరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

ఇంత అనుభవం సంపాదించాక నలుగురికీ చెప్పకుండా ఉండలేం. చోడవరం దగ్గర మా మావయ్యకి చెరకూ వరీ ఉన్నాయి. పండక్కి వెళ్ళినప్పుడు గట్టు మీద నిలబడి డ్రిప్ గురించి, నీటి పొదుపు గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఆయన చుట్ట తీసి, "ఏట్రా, మా రైవాడ నీళ్ళతో బైకు కడుక్కునొచ్చి మాకు పొదుపు సెప్తన్నావా?" అన్నాడు. రైవాడ రిజర్వాయరు నీళ్ళు పట్నానికి కాదు, పొలాలకివ్వాలని అక్కడి రైతులు ఏళ్ళ తరబడి అడుగుతున్నమాట నిజమే. నేను వెంటనే విషయం మార్చి పంటల ధరల గురించి మాట్లాడాను.

మావయ్య కూడా తక్కువవాడు కాదు. ఉచిత కరెంటు, ఆటో స్టార్టరు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే లేస్తుంది, మావయ్య లేవడు. తెల్లారేసరికి మడి నిండి, గట్టు తెగి, నిన్న చల్లిన యూరియాతో సహా నీళ్ళు చెరువులోకి దిగిపోతాయి. మళ్ళో వరి కంటే చెరువులో గుర్రపుడెక్కే ఏపుగా పెరుగుతోంది. మడి తడిపి, ఆరనిచ్చి, మళ్ళీ తడిపితే దిగుబడి తగ్గకుండా పావు వంతు నీళ్ళు మిగుల్తాయట మావయ్యా అన్నాను. "మడి ఎండితే పక్కోడు నాను అప్పులపాలయిపోనాననుకోడా?" అన్నాడు. ఆ బాధ నాకు తెలుసు. మా కారు మురిగ్గా ఉంటే నేనూ వీధిలో తలెత్తుకోలేను.

పోయిన తుపానుకి మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. కింద సంపు మునిగింది, మోటారు కాలింది, కుళాయిలు ఎండిపోయాయి. బాల్కనీలోంచి చూస్తే ఎటు చూసినా నీళ్ళే, బాత్రూములో మగ్గు పొడిగా ఉంది. ప్రెసిడెంటు గారు ట్యాంకరు అతనికి ఫోను చేస్తే, "నీళ్ళెక్కువగా ఉన్నాయండి, నీళ్ళు తేలేను" అని పెట్టేశాడు. మూడో అంతస్తు కుర్రాడు ఏదో అనబోయాడు. అందరం వాడి వైపు ఒకేసారి చూశాం.

మర్నాడే అత్యవసర సమావేశం పెట్టి ఏకగ్రీవంగా తీర్మానం చేశాం. ఇకపై భారీ వర్షం హెచ్చరిక రాగానే రెండు ట్యాంకర్లు ముందే తెప్పించుకోవాలి.