దారికి అడ్డం కూర్చున్న స్పానింగ్ ట్రీ గారికి

మహారాజశ్రీ స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్ గారికి,

ఉభయకుశలోపరి. మా ఆఫీసు నెట్‌వర్క్ ఇవాళ్టికి బాగానే ఉంది. స్విచ్‌ల (ఆఫీసు కంప్యూటర్లని కేబుళ్ళతో కలిపే పెట్టెల) మధ్య ఏ దారి తెరవాలో, ఏది మూయాలో తేల్చే మీరనే వారొకరు ఉన్నారని మా మేనేజ్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు కాబట్టి మీరూ క్షేమమేనని తలుస్తాను. మీ పేరు మీటింగులో వినబడిందంటే ఆ రోజు నెట్ పోయిందనే లెక్క.

ముందు డబ్బు సంగతి. సర్వర్ రూము నుంచి మూడో అంతస్తుకి రెండు ఫైబర్ కేబుళ్ళు లాగించాం, ఒకటి తెగితే రెండోది ఉంటుందని. రెండింటికీ బిల్లులు పెట్టాం, సంతకాలు చేయించాం. మీరొచ్చి ఒకదాన్ని బ్లాక్ చేసి కూర్చున్నారు. పని చెయ్యని కేబుల్‌కి డబ్బులెందుకు కట్టారని అకౌంట్స్ వాళ్ళు అడుగుతున్నారు. "ఊరికే ఉండడమే దాని పనండీ" అని మీరొకసారి వాళ్ళకి చెప్పి చూడండి.

మీ వాదన తెలియక కాదు. రెండు దారులూ తెరిస్తే తిరిగి తిరిగి మొదటికే వచ్చే లూప్ పడుతుంది. రూటర్లు మోసే డేటా మూటకి, అంటే ఐపీ ప్యాకెట్‌కైతే, ఆయుష్షు రాసి పంపుతారు. రూటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గి, సున్నాకి రాగానే పోతుంది. స్విచ్‌లు మోసే మూట ఈథర్నెట్ ఫ్రేము, దానికి ఆ గడే లేదు. అందరికీ చేరాలని పంపే బ్రాడ్‌కాస్ట్ ఫ్రేము ఒక్కటి లూపులో పడితే ఇక చావదు, ప్రతి స్విచ్ దగ్గరా కాపీలు పుట్టించుకుంటూ తిరుగుతూనే ఉంటుంది. కాసేపట్లో అసలు పనికి దారే మిగలదు. అందుకని ఎక్కడి నుంచి ఎక్కడికైనా ఒకే దారి ఉండేలా చెట్టు కట్టి, మిగతా కేబుళ్ళు మూసేస్తారు. సరే, ఒప్పుకున్నాం.

ఒప్పుకోలేనిది మీ ఎన్నిక.

చెట్టుకి వేరు కావాలి, అంటే ఒక స్విచ్ రూట్ కావాలి. కరెంటు రాగానే ప్రతి స్విచ్చూ "రూట్‌ని నేనే" అని ప్రకటించుకుంటుంది. అంతవరకూ మాకు అలవాటే. ఆ తర్వాతిదే నమ్మబుద్ధి కాదు. తనకన్నా చిన్న నంబరున్న స్విచ్ గురించి వినగానే తప్పుకుని, అప్పటి నుంచి దాని తరఫునే ప్రచారం చేస్తుంది. అసమ్మతి వర్గం ఉండదు, రిసార్టులో క్యాంపు ఉండదు. ఇంత క్రమశిక్షణతో మీరు గెలిపించేది ఎవరిని? ప్రయారిటీ అని ఒక అంకె ఉంది, అట్టపెట్టెలోంచి తీసేసరికి అందరికీ 32768. ఎవరూ దాన్ని ముట్టుకోకపోతే అందరూ సమానమే, అప్పుడు తయారీలోనే ఒక్కో స్విచ్‌కీ ఇచ్చే నంబరు, మ్యాక్ అడ్రస్, చూస్తారు. చిన్నది గెలుస్తుంది. ఒకే కంపెనీ సరుకైతే ఆ చిన్న నంబరు చాలాసార్లు పాత స్విచ్‌దే అవుతుంది. అలా, నెట్‌వర్క్ నడిబొడ్డున పెట్టడానికి లక్షలు పోసి కొన్న కోర్ స్విచ్ ఉండగా, జిరాక్స్ గదిలో ఫ్యాను గరగరమంటున్న ముసలి స్విచ్ మా ఆఫీసుకి రూట్ అయింది. ఈ వింగ్‌లోంచి ఆ వింగ్‌కి పోయే ఫైలు కూడా దానికి దణ్ణం పెట్టుకునే వెళ్ళాలి. ఎంత వేగం, ఎంత మెమరీ, వారంటీ ఉందా అని అడిగే నిబంధన మీ రాజ్యాంగంలో లేదు. కోర్ స్విచ్‌లో ప్రయారిటీ 4096 అని ఒక్క లైను కొడితే తీరిపోయేదే కదా అంటారేమో. ఆ లైను కొట్టాల్సినాయన ప్యాకేజీ పెరిగి వేరే కంపెనీకి వెళ్ళిపోయారు.

ఇక మీ తీరిక. ల్యాప్‌టాప్‌కి కేబుల్ గుచ్చితే 15 సెకన్లు వింటారు, ఇంకో 15 నేర్చుకుంటారు, అప్పుడు గేటు తీస్తారు. ఈలోగా పాపం అది అడ్రస్ కోసం అడిగి అడిగి, 169.254 తో మొదలయ్యే, ఆఫీసు నెట్‌కి పనికిరాని అడ్రస్ ఒకటి తనకి తానే పెట్టుకుంటుంది. దూరంగా ఎక్కడో లింకు తెగితే ఇంకో 20 సెకన్లు ఆలోచించి, మొత్తం 50 చేస్తారు. 2001లో వచ్చిన మీ ర్యాపిడ్ వెర్షన్ ఇదే పని చాలాసార్లు సెకనులోపే ముగిస్తుంది. మా జిరాక్స్ గది పెద్దాయనకి అది రాదు. మరి ఆయనతో కలిసే పోర్టులన్నిట్లో పాత పద్ధతే.

అయినా అపవాదు మొత్తం మీ మీద వెయ్యను. బల్లల కింద చిన్న స్విచ్‌లు పెట్టుకుని, వేలాడుతున్న కేబుల్ కొసని జాలిపడి ఖాళీ పోర్టులో గుచ్చే పుణ్యాత్ములు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఆ చిన్న స్విచ్‌కి మీ భాష రాదు. మీరు రెండేసి సెకన్లకి పంపే హలో అనే పలకరింపు ఫ్రేములని అది మింగేస్తే లూపు మీకు కనబడదు. నెట్ కుప్పకూలాక "ఈ స్పానింగ్ ట్రీ ఉంటే అంతే" అని తీర్పిచ్చేదీ ఆ పుణ్యాత్ములే.

2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ మెడికల్ సెంటర్‌లో నెట్‌వర్క్ పడిపోయి, డాక్టర్లు రోజుల తరబడి కాగితాలతో నెట్టుకొచ్చారు. మీ టైమర్ల లెక్క ప్రకారం ఈ కొస నుంచి ఆ కొసకి ఏడు స్విచ్‌లు మించకూడదు. అక్కడ ఒకదానికొకటి కలుపుకుంటూ ఆ గీత దాటేశారు. అప్పటి సీఐఓ (ఐటీ విభాగం పెద్ద) జాన్ హలమ్కా జరిగిందంతా దాచకుండా చెప్పారు కాబట్టి లోకానికి తెలిసింది. మా దగ్గరైతే "సర్వర్ డౌన్" అని తలుపుకి కాగితం అంటించి ఊరుకునేవాళ్ళు.

మిమ్మల్ని కన్న రేడియా పెర్ల్‌మన్ గారి సంగతీ చెప్పాలి. 1985లో డీఈసీ అనే కంప్యూటర్ల కంపెనీలో ఆవిడ మిమ్మల్ని తయారుచేసి, మీ మీద కవిత కూడా కట్టారు. తర్వాత ఆవిడే, ఈ మూసేసే పద్ధతి సరిపోదనుకుని, అన్ని దారులూ వాడుకునే ట్రిల్ అనే దాన్ని ముందుకు తెచ్చారు. 2011లో దానికి ప్రమాణమూ వచ్చింది. ఎంతమంది వాడారు? పెద్ద డేటా సెంటర్లేమో స్విచ్‌ల మధ్య రూటింగ్ పెట్టుకుని, కొన్న ప్రతి కేబుల్‌నీ పనిలో పెట్టి, మీకు దూరంగా బతుకుతున్నాయి. మాలాంటి ఆఫీసుల్లో మాత్రం మిమ్మల్ని తీసేసే ధైర్యం ఎవరికీ లేదు, సరిగ్గా అమర్చే తీరికా లేదు.

ఇట్లు,
మూడో అంతస్తు నెట్‌వర్క్ బాధ్యుడు

తా.క.: అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని ఇంటర్వ్యూలకొచ్చే పిల్లల్ని మీ గురించి అడిగితే, సగం మంది 1956 నాటి క్రస్కల్ పద్ధతి అంటారు, సగం మంది 1957 నాటి ప్రిమ్ పద్ధతి అంటారు. ఆ రెండూ చెట్టు మొత్తం ఖర్చు తగ్గించేవి. మీకు మొత్తం ఖర్చుతో పనేముంది, రూట్ గారికి ఎవరు ఎంత దగ్గరన్నదే మీ లెక్క. మొన్న ఒకమ్మాయి ఈ మాట తడుముకోకుండా చెప్పింది, ఉద్యోగం ఇచ్చేశాం. చేరిన రోజే జిరాక్స్ గది తాళం అడిగింది. అది ఎవరి దగ్గరుందో అడ్మిన్ వాళ్ళు ఇంకా కనుక్కుంటున్నారు.