‘వెళ్తున్నాం’ అని రాస్తే మార్కు కోస్తారా?

ఏడో తరగతి చదువుతున్న మా అన్నయ్య కూతురి తెలుగు పరీక్ష పేపరు చూసినప్పటి నుంచి నా ఒళ్ళు మండిపోతోంది. స్నేహితురాలికి లేఖ రాయమన్నారు, పిల్ల ముచ్చటగా రాసింది. ‘వచ్చే ఆదివారం మేము అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్తున్నాం, నువ్వు కూడా రా’ అంది. ఆ ‘వెళ్తున్నాం’ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన ‘కాలదోషం’ అని రాసి, ఒక మార్కు కోసేశారు. పైన ‘వెళ్ళెదము’ అని దిద్దారు. పన్నెండేళ్ళ పిల్ల తన స్నేహితురాలికి ‘వెళ్ళెదము’ అని రాయాలట!

ఫోను చేసి అడిగాను. ‘ఆదివారం ఇంకా రాలేదు కదా మేడమ్, వర్తమానకాలం ఎలా వేస్తాం? ఇంగ్లీషులో టెన్సులు ఎంత ముఖ్యమో తెలుగులో కాలాలూ అంతే’ అన్నారు మాస్టారు.

ఇంగ్లీషు సంగతే ముందు తేల్చుకుందాం. ప్రయాణం ఖాయమైనప్పుడు ఇంగ్లీషువాళ్ళు కూడా వచ్చే ఆదివారానికి ‘వి ఆర్ గోయింగ్’ అనే అంటారు. మాస్టారు అరువు తెచ్చుకున్న నియమం అరువిచ్చిన ఇంట్లోనే చెల్లదు. ఇక తెలుగులో ‘వెళ్తాం’ వేరు, ‘వెళ్తున్నాం’ వేరు. మొదటిది ఉద్దేశం, రెండోది నిర్ణయం. ఇంట్లో పెళ్ళి చేసిన వాళ్ళనెవరినైనా అడగండి. ‘వస్తాంలెండి’ అన్న బంధువునూ ‘వస్తున్నామండీ, టికెట్లు తీసుకున్నాం’ అన్న బంధువునూ ఒకే వరుసలో లెక్కేసుకుని వంటవాడికి చెబుతారా? ఈ తేడా చదువురాని పెద్దమ్మకు తెలుసు, ఏడో తరగతి పిల్లకూ తెలుసు. తెలిసే రాసింది. దానికి శిక్ష పడింది.

మన క్రియలు క్యాలెండరు చూసుకుని నడవవు. బస్సు ఇంకా మలుపు తిరుగుతుండగానే ‘అదిగో, వచ్చేసింది’ అంటాం. బస్సు ఆగలేదు, మనం ఎక్కలేదు, అయినా భూతకాలం వాడేశాం. ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’ అన్నప్పుడు రేపటి మాట చెబుతున్నామా? ఎప్పుడూ జరిగేదాన్ని చెబుతున్నాం. దీనికి పాత వ్యాకరణంలోనే ‘తద్ధర్మం’ అని వేరే పేరుంది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి భూత, వర్తమాన, భవిష్యత్తులతో పాటు దానికీ చోటిచ్చాడు. ఈనాటి వాడుకలో భవిష్యత్తుకూ తద్ధర్మానికీ రూపం ఒకటే అయిపోయింది. ‘వాడు రోజూ వస్తాడు’, ‘వాడు రేపు వస్తాడు’ అంటాం. రెండు చోట్లా క్రియ అదే, కాలాన్ని పక్కమాట చెబుతుంది. ఈ చిన్న విషయం తరగతిలో ఎవరైనా చెబుతున్నారా?

వ్యతిరేకార్థంలో అందం ఇంకా ఉంది. ‘ఆమె రాలేదు’ అనండి. నిన్న రాలేదనా, రావడం ఆమెకు సాధ్యం కాదనా? రెండూ అవుతాయి. అదే మగవాడి విషయంలో ‘రాలేదు’, ‘రాలేడు’ అని విడిపోతాయి. ఒక్క అక్షరంలో ఎంత సంగతి ఇమిడి ఉందో పిల్లలకు చూపిస్తే కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు. నేను మా పిల్లకు చూపించాను, అరగంట సేపు వదలకుండా అలాంటివే వెతుకుతూ కూర్చుంది.

బడిలో ఏం చేస్తున్నారు? ‘లేచి, స్నానం చేసి, అన్నం తిని, బడికి వెళ్ళాను’ అనే వాక్యంలో మూడు పనులకూ కాలం లేదు. చివరి క్రియ ఒక్కటే, రైలుకు ఇంజనులా, మొత్తాన్నీ లాక్కుపోతుంది. ‘వెళ్ళాను’ తీసి ‘వెళ్తాను’ పెడితే వాక్యమంతా కాలం మార్చుకుంటుంది. తెలుగు వాక్యానికి ఇదే ప్రాణం. దీన్ని చెప్పకుండా ‘చేసి’ క్త్వార్థకం, ‘చేస్తూ’ శత్రర్థకం, ‘చేస్తే’ చేదర్థకం, ‘చేసినా’ అప్యర్థకం అని బట్టీ పట్టిస్తున్నారు. ఆ పేర్లన్నీ సంస్కృత ప్రత్యయాల మీద, అవ్యయాల మీద పెట్టినవి. సంస్కృతం ఒక్క ముక్క రాని పిల్లకు ‘క్త్వా’ అంటే ఏం తెలుస్తుంది? పేరు గుర్తుంటే మార్కు పడుతుంది. ఆ క్రియ వాక్యంలో ఏం పని చేస్తుందో తెలిసినా తెలియకపోయినా ఎవరికీ పట్టదు.

ఇదే అజ్ఞానం ఇంగ్లీషు తరగతిలోనూ పిల్లల కొంప ముంచుతోంది. ‘రేపు వస్తానన్నాడు’ అని మనం అంటాం. అన్నవాడి మాటలో కాలం మార్చం, ‘అని’ తగిలించి ఉన్నదున్నట్టు అప్పగిస్తాం. ఇంగ్లీషులో ఆ ‘విల్’ కాస్తా ‘వుడ్’ అవుతుంది. అందుకే మన పిల్లలు అక్కడ తడబడతారు. ఆ తడబాటు వెనక తెలుగు పద్ధతి ఉందని ఒక్కరు చెప్పినా పిల్ల ఐదు నిమిషాల్లో పట్టుకుంటుంది. ఎవరూ చెప్పరు. పన్నెండు గళ్ళ టెన్సుల పట్టిక గోడకు తగిలించి, ప్రతి గడికీ ఒక తెలుగు అర్థం ఉండి తీరాలని ‘నేను వెళ్తూ ఉండి ఉంటిని’ లాంటి వాక్యాలు తయారుచేసి నేర్పుతారు. ఏ ఊళ్ళో ఏ మనిషి మాట్లాడాడు అలా? ఇంగ్లీషు రాకపోగా తెలుగు కూడా చెడుతోంది.

ఏటా ఆగస్టు 29న మాత్రం గిడుగు రామమూర్తి పటానికి దండ వేస్తారు. ఆయన ఎందుకు కొట్లాడారండీ? బడిపిల్ల తన నోట పలికే తెలుగులో పరీక్ష రాసుకోవాలనే కదా! 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించింది దేని కోసం? నూరేళ్ళు దాటిపోయాయి. పత్రికలు మారాయి, పుస్తకాలు మారాయి, ఎర్ర సిరా కలం మాత్రం ఇంకా ‘వెళ్ళెదము’ దగ్గరే ఉంది. పొద్దున దండ వేసిన చేత్తోనే మధ్యాహ్నం వ్యావహారికాన్ని కొట్టేయడానికి మనసెలా వస్తుంది?

నాకు అసలు మంట ఇక్కడ. ఇలా ఏడేళ్ళు, ఎనిమిదేళ్ళు తన మాట తప్పు తప్పు అని అనిపించుకున్న పిల్ల పది పాసై ఇంటర్‌కు వెళ్తుంది. అక్కడ రెండో భాషగా సంస్కృతం పెట్టిస్తారు. కాళిదాసు మీద ప్రేమతో పెట్టిస్తే నేను చేతులెత్తి దండం పెడతాను. పెట్టించేది మార్కుల కోసం. రెండేళ్ళు చదివిన పిల్లకు ఆ తర్వాత ఒక్క శ్లోకానికి సొంతంగా అర్థం చెప్పడం రాదు. అటు సంస్కృతం రాలేదు, ఇటు తెలుగు పోయింది. మా బంధువుల్లో ఇలా చదివి, ఇప్పుడు మంచి ఉద్యోగాల్లో ఉండి, తల్లికి నాలుగు వాక్యాల ఉత్తరం తెలుగులో రాయలేని వాళ్ళు ఉన్నారు. వాళ్ళను నేను ఒక్క మాట అనను. వాళ్ళు రాసిన మొదటి వాక్యాల మీద సున్నాలు చుట్టిన వాళ్ళను అంటాను, ఆ సున్నాలు చూసి కూడా ‘మాస్టారు చెప్పారంటే సరే’ అని ఊరుకున్న మనల్ని అంటాను.

ఈ మాటలు ఎత్తితే తల్లిదండ్రులు చెప్పే సమాధానం ఒకటే. ‘తెలుగుదేముంది, ఇంట్లో మాట్లాడుకుంటున్నాం కదా!’ ఇంట్లో మాట్లాడే ఆ తెలుగుకే కదండీ బడిలో మార్కు కోస్తున్నది! వెళ్ళి అడగరేం?